క్లౌడ్ ఎక్కే ముందు దిగే మెట్లు చూసుకోవాలి

క్లౌడ్ అంటే వేరేవాళ్ల కంప్యూటర్. ఈ జోక్ మన బ్రాంచ్‌లో ఫస్టియర్ నుంచే అందరికీ తెలుసు. నవ్వుకుని, వెంటనే వెళ్లి ఏదో ఒక క్లౌడ్ సర్టిఫికేషన్‌కి రిజిస్టర్ అయిపోతాం. కానీ ఆ జోక్‌ని ఒక్క నిమిషం సీరియస్‌గా తీసుకుని చూడండి. ఒక కంపెనీ తన బిల్లింగ్, స్టాక్, జీతాలు, అకౌంట్లు, ఎవరు ఎంత బాకీ ఉన్నారనే చిట్టా, అన్నీ మూటగట్టి తీసుకెళ్లి వేరేవాళ్ల కంప్యూటర్‌లో పెడుతోంది. ఎలా పెట్టాలో చెప్పడానికి యూట్యూబ్ నిండా వీడియోలే. రేపు వద్దనుకుంటే ఎలా వెనక్కి తెచ్చుకోవాలో చెప్పే వీడియో మీలో ఎంతమంది చూశారు?

నేను క్లౌడ్‌కి వ్యతిరేకం కాదు. రేపు నాకు ఉద్యోగం వచ్చేదీ బహుశా అందులోనే. నా వాదన ఒక్కటే. ఏ కంపెనీ అయినా తన బిజినెస్ సాఫ్ట్‌వేర్‌ని క్లౌడ్‌కి మార్చే ముందే, అక్కడినుంచి బయటికి వచ్చే దారిని కాగితం మీద రాసుకోవాలి. ఒక్కసారైనా ఆ దారిలో నడిచి చూడాలి. అలా చూసుకోకుండా మారడమంటే బీరువా తాళంచెవి ఇంకొకరి చేతికిచ్చి రసీదు కూడా అడక్కపోవడమే.

ముందు క్లౌడ్ వైపు న్యాయం చెప్పుకుందాం. అందరూ చెప్పే ఉదాహరణ నెట్‌ఫ్లిక్స్. 2008 ఆగస్టులో వాళ్ల సొంత డేటాబేస్ పాడైపోయి మూడు రోజులు కస్టమర్లకి డీవీడీలు పంపలేకపోయారు. అప్పుడు వాళ్ల వ్యాపారం ఎక్కువగా డీవీడీలు పోస్ట్‌లో పంపడమే. ఆ దెబ్బతో అమెజాన్ క్లౌడ్‌కి మారాలని నిర్ణయించుకున్నారు. ఇక్కడిదాకా అన్ని పీపీటీల్లోనూ ఉంటుంది. తర్వాతి సంగతి ఎవరూ స్లైడ్‌లో పెట్టరు. ఆ మార్పు పూర్తయింది 2016 జనవరిలో. అంటే దాదాపు ఏడేళ్లు పట్టింది. చిట్టచివరికి మిగిలినవి బిల్లింగ్, ఇంకా కస్టమర్లు, ఉద్యోగుల డేటా చూసుకునే సిస్టమ్స్. అంటే సరిగ్గా మనం బిజినెస్ సాఫ్ట్‌వేర్ అనేది. సినిమా రికమెండ్ చేసే ప్రోగ్రామ్ కంటే డబ్బులు లెక్కపెట్టే ప్రోగ్రామ్‌ని కదపడం కష్టం. ఇంకో మాట, మనం నెట్‌ఫ్లిక్స్‌లో చూసే వీడియో అమెజాన్ మెషీన్ల నుంచి రాదు. దానికోసం వాళ్లు ఓపెన్ కనెక్ట్ అనే సొంత సర్వర్లు తయారుచేసుకుని ఇంటర్నెట్ కంపెనీల దగ్గర పెట్టుకున్నారు. క్లౌడ్‌కి బ్రాండ్ అంబాసిడర్ లాంటి కంపెనీ కూడా ఏది ఇవ్వాలి, ఏది చేతిలో ఉంచుకోవాలి అని ఆలోచించుకుంది.

క్లౌడ్‌కి మారడం అని ఒకే మాట వాడేస్తాం గానీ అందులో కనీసం మూడు రకాలున్నాయి. మూడింటికీ దిగే మెట్ల ఎత్తు వేరు.

మొదటిది, ఉన్న సాఫ్ట్‌వేర్‌ని ఉన్నట్టే తీసుకెళ్లి అద్దె మెషీన్‌లో పెట్టడం. లిఫ్ట్ అండ్ షిఫ్ట్ అంటారు. ఇల్లు మారినప్పుడు మంచాలు, బీరువాలు యథాతథంగా లారీ ఎక్కించినట్టు. దీనివల్ల పెద్దగా ఆదా ఉండదు, కొన్నిసార్లు ఖర్చు పెరుగుతుంది కూడా. కానీ దిగడం తేలిక. మళ్లీ లారీ పిలిస్తే చాలు.

రెండోది, క్లౌడ్ కంపెనీ ఇచ్చే సేవలు వాడుకుంటూ సాఫ్ట్‌వేర్‌ని తిరగరాయడం. ఇక్కడ ఏ సేవ ఎంచుకున్నామన్నదే అసలు విషయం. పోస్ట్‌గ్రెస్ లాంటి ఓపెన్ సోర్స్ డేటాబేస్‌ని వాళ్లు మనకోసం నడిపిపెడుతుంటే, రేపు డంప్ తీసి ఇంకోచోట ఎక్కించుకోవచ్చు. అదే డైనమోడీబీ తీసుకుంటే, అది అమెజాన్ సొంత సరుకు. డేటా బయటికి తీయొచ్చు, కానీ దాని చుట్టూ రాసుకున్న కోడ్ చాలావరకు మళ్లీ రాయాలి.

మూడోది సాస్. మన సాఫ్ట్‌వేర్ పూర్తిగా మానేసి, వాళ్ల సాఫ్ట్‌వేర్‌కి నెలకో ఏడాదికో చందా కట్టడం. మొదటి రోజు అన్నిటికంటే హాయి ఇదే. సర్వర్ గోల లేదు, అప్‌డేట్ గోల లేదు, బ్రౌజర్ తెరిస్తే పని. దిగేటప్పుడు అన్నిటికంటే ఎత్తు కూడా ఇదే. ఎక్స్‌పోర్ట్ బటన్ సాధారణంగా ఉంటుంది. కస్టమర్ల లిస్టు వస్తుంది, బిల్లుల లిస్టు వస్తుంది. కానీ ఏ రసీదు ఏ బిల్లుకి సర్దుబాటు అయింది, ఏ ఎంట్రీని ఎవరు ఎప్పుడు మార్చారు అనే లింకులు రాకపోతే, మన చేతికి వచ్చింది లెక్కలు కాదు, అంకెలు.

దీనికితోడు డబ్బు గేటు ఒకటి. క్లౌడ్‌లోకి డేటా పంపడానికి సాధారణంగా డబ్బులు తీసుకోరు. బయటికి తీయడానికి మాత్రం జీబీకింత అని మీటర్ తిరుగుతుంది. ఈ విమర్శ గట్టిగానే తగిలింది. 2024 జనవరిలో గూగుల్, మార్చిలో అమెజాన్, మైక్రోసాఫ్ట్, పూర్తిగా వదిలి వెళ్లిపోయేవాళ్లకి ఈ చార్జీ మాఫీ చేస్తామన్నాయి. ఐరోపా సమాఖ్యలో డేటా చట్టం 2025 సెప్టెంబర్ 12 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం 2027 జనవరి 12 నుంచి, ఒక క్లౌడ్ నుంచి ఇంకోదానికి మారేవాళ్ల దగ్గర మార్పు చార్జీలు అసలు వసూలు చేయకూడదు. అంటే బయటికి వచ్చే దారి ఒక హక్కుగా ఉండాలని ఒక ఖండం చట్టమే రాసుకుంది. మనకి మాత్రం ఒప్పందంలో ఏం రాయించుకుంటే అదే దక్కుతుంది.

ఇదంతా పెద్ద కంపెనీల గొడవ అనుకోకండి. మా బాబాయికి తెనాలిలో మందుల హోల్‌సేల్ ఏజెన్సీ ఉంది. వెనక గదిలో ఒక పాత కంప్యూటర్ సర్వర్‌గా నడుస్తుంటుంది, ముందు కౌంటర్లో రెండు బిల్లింగ్ కంప్యూటర్లు. చుట్టుపక్కల ఊళ్ల మెడికల్ షాపుల ఆర్డర్లు సాయంత్రానికి వాట్సాప్‌లో వచ్చిపడతాయి. ప్రతి మందుకీ బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీ, పదికి ఒకటి ఫ్రీ లాంటి స్కీములు, ఎక్స్‌పైరీ అయిన సరుకు వాపసు లెక్కలు. ఇవన్నీ పదకొండేళ్లుగా ఒకే సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి. బ్యాకప్ అంటే శనివారం రాత్రి ఒక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి గల్లాపెట్టెలో పడేయడం.

ఆ సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లు మొన్నామధ్య ఫోన్ చేసి, వచ్చే ఏడాది నుంచి పాత వెర్షన్‌కి సపోర్ట్ ఉండదు, క్లౌడ్ వెర్షన్‌కి మారండి అన్నారు. బాబాయి నాకు ఫోన్ చేశాడు. "ఏమ్మా, నువ్వు కంప్యూటర్సే కదా. మారమంటావా, వద్దంటావా?" నేను ఒకటే ప్రశ్న రాసిచ్చి వాళ్లని అడగమన్నాను. రేపు మేము మానేస్తే మా డేటా ఏ రూపంలో ఇస్తారు? మొదట వచ్చిన జవాబు, "మానేయాల్సిన అవసరమే రాదు సార్." రెండోసారి గట్టిగా అడిగితే, "రిపోర్టులన్నీ పీడీఎఫ్‌లో ఇస్తాం సార్."

పదకొండేళ్ల బిల్లులు పీడీఎఫ్‌లో ఉంటే ఏమవుతుందో ఆలోచించండి. చదువుకోవచ్చు, ప్రింట్ తీసుకోవచ్చు, ఇంకో సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించుకోలేం. అక్కడ అమ్మేది సబ్బులు కాదు. ఏదో ఒక మందు బ్యాచ్‌లో తేడా ఉందని తయారీ కంపెనీ వెనక్కి పిలిచిందనుకోండి. ఆ బ్యాచ్ ఏ ఏ షాపులకి ఎన్ని స్ట్రిప్పులు వెళ్లిందో ఆ రోజే తెలియాలి. టేబుల్ రూపంలో ఉంటే ఒక్క క్వెరీ. పీడీఎఫ్‌లో ఉంటే వేల పేజీలు తిరగేయాలి. ఈలోగా ఆ మాత్రని ఎవరో ఒకరు మింగేస్తారు. అందుకే ఇది నా దృష్టిలో ఫైల్ ఫార్మాట్ చర్చ ఒక్కటే కాదు.

చట్టం కూడా చందా ఆగిపోయిందంటే ఒప్పుకోదు. జీఎస్టీ కింద లెక్కల పుస్తకాలని, ఆ ఏడాది వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి. కంపెనీల చట్టం కింద రిజిస్టర్ అయిన కంపెనీలకైతే 8 ఆర్థిక సంవత్సరాలు. 2022 ఆగస్టులో ఆ చట్టం కింద ఉన్న అకౌంట్ల నిబంధనలు కూడా మార్చారు. కంపెనీ లెక్కల ఎలక్ట్రానిక్ బ్యాకప్, మన దేశంలోనే ఉన్న సర్వర్‌లో, రోజూ ఉండాలి. చందా కట్టడం మానేసిన రోజున లాగిన్ మూసుకుపోవచ్చు, కానీ లెక్కలు చూపించాల్సిన బాధ్యత మూసుకుపోదు.

"అంత పెద్ద కంపెనీల దగ్గర డేటా పోతుందా ఏంటి?" అని మీరు అడగొచ్చు. రెండు సంఘటనలు చెప్తాను. రెండూ పేపర్లలో వచ్చినవే.

యూనిసూపర్ అనేది ఆస్ట్రేలియాలో పెన్షన్ ఫండ్. 6 లక్షలకి పైగా సభ్యులు, సుమారు 12,500 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల నిధి. 2024 మే నెలలో గూగుల్ క్లౌడ్‌లో వాళ్లు వాడుకుంటున్న ఒక ప్రైవేట్ క్లౌడ్ మొత్తం డిలీట్ అయిపోయింది. హ్యాకర్లు కాదు, కరెంటు పోవడం కాదు. మొదట్లో దాన్ని సెటప్ చేసినప్పుడు గూగుల్ అంతర్గత టూల్‌లో ఒక పారామీటర్ ఖాళీగా వదిలేశారు. దాంతో ఒక ఏడాది గడువు డిఫాల్ట్‌గా పడిపోయింది. ఏడాది నిండగానే సిస్టమ్ తన పని తాను చేసేసింది. ఒకచోట పోయినా ఇంకోచోట ఉంటుందని రెండు జోన్లలో పెట్టుకున్నారు, కానీ డిలీట్ ఆర్డర్ రెండింటికీ కలిపే వెళ్లింది. దాదాపు వారం పాటు సభ్యులు తమ ఖాతాలు చూసుకోలేకపోయారు. వాళ్లు కోలుకోవడానికి బాగా పనికొచ్చిన వాటిలో ఒకటి, వేరే సర్వీస్ ప్రొవైడర్ దగ్గర విడిగా ఉంచుకున్న బ్యాకప్. ఎవరో ఒకరు మొదట్లోనే "ఇది మొత్తం పోతే?" అని అడిగి ఉండాలి.

రెండోది మన దేశంలోదే. నయారా ఎనర్జీకి గుజరాత్‌లోని వాడినార్‌లో ఏడాదికి 2 కోట్ల టన్నుల రిఫైనరీ ఉంది. మన హైవేల మీద కూడా వాళ్ల పెట్రోల్ బంకులు కనిపిస్తాయి. రష్యా కంపెనీ రాస్‌నెఫ్ట్‌కి అందులో 49 శాతానికి పైగా వాటా ఉంది కాబట్టి, 2025 జులై 18న ఐరోపా సమాఖ్య దానిమీద ఆంక్షలు పెట్టింది. కొద్ది రోజులకే మైక్రోసాఫ్ట్ వాళ్ల సేవలు ఆపేసింది. ఉద్యోగుల అవుట్‌లుక్ మెయిల్, టీమ్స్ ఆగిపోయాయి. చందా కట్టారు, లైసెన్స్ ఉంది, భారతదేశం ఆ ఆంక్షలు పెట్టలేదు. అయినా ఆగిపోయింది. కంపెనీ ఢిల్లీ హైకోర్టుకి వెళ్లింది. నెలాఖరుకి సేవలు తిరిగి వచ్చాయి. ఇందులో ఎవరిది న్యాయం అనేది వేరే చర్చ. నేను చూసేది ఒక్కటే. స్విచ్ ఎవరి చేతిలో ఉందో ఆ వారం రోజుల్లో అందరికీ అర్థమైంది.

ఇక్కడ ఒక కన్ఫ్యూజన్ కూడా ఉంది. మన క్లాస్‌లో చాలామంది "సర్వర్లు మన దేశంలోనే ఉన్నాయిగా" అంటారు. అమెజాన్ 2022 నవంబర్‌లో హైదరాబాద్ రీజియన్ మొదలుపెట్టింది. విశాఖలో 5 ఏళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని 2025 అక్టోబర్‌లో గూగుల్ ప్రకటించింది. సంతోషమే, మనకి ఉద్యోగాలొస్తాయి, స్పీడ్ పెరుగుతుంది. కానీ మెషీన్ ఎక్కడుంది, స్విచ్ ఎవరి దగ్గరుంది అనేవి రెండు వేర్వేరు ప్రశ్నలు. లాకర్ మన వీధిలోనే ఉన్నా తాళంచెవి వేరే ఊళ్లో ఉండొచ్చు.

అయితే "సొంత బిల్డింగ్‌లో పెట్టుకుంటే గొడవే లేదు" అనేవాళ్లతో కూడా నేను ఒప్పుకోను. 2025 సెప్టెంబర్ 26న దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ సొంత డేటా సెంటర్‌లో బ్యాటరీలు అంటుకుని మంటలు లేచాయి. ప్రభుత్వ ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్ కాలిపోయింది. 858 టెరాబైట్లు. బయట ఇంకో కాపీ లేదు. సొంత ఇల్లు, సొంత సర్వర్, సొంత తాళం, అయినా బూడిదే. బాబాయి గల్లాపెట్టెలో పెన్‌డ్రైవ్ కూడా ఇదే కథ. సర్వర్‌కి ఏదైనా అయితే దానికీ అదే అవుతుంది, రెండూ ఒకే కప్పు కింద ఉన్నాయి.

క్లౌడ్ కొందరికి లాభం, కొందరికి కాదు. తత్కాల్ బుకింగ్ లాగా ఒక్కసారి విరుచుకుపడి, తర్వాత ఖాళీగా ఉండే లోడ్ అయితే అద్దె మెషీన్లు బంగారం. రోజూ ఒకేలా ఉండే లోడ్‌కి లెక్క వేరు. బేస్‌క్యాంప్, హే అనే ప్రొడక్ట్స్ తయారుచేసే 37సిగ్నల్స్ 2022లో క్లౌడ్‌కి సుమారు 32 లక్షల డాలర్లు కట్టింది. సర్వర్లు కొనుక్కుని 2023లో తన అప్లికేషన్లని బయటికి తెచ్చేసుకుంది. 2024కి ఆ బిల్లు 13 లక్షల డాలర్లకి తగ్గిందని వాళ్లే చెప్పారు. అందరూ వాళ్లలా బయటికి రావాలని నేననను. వాళ్లు రాగలిగారు చూడండి, అది ముఖ్యం. వాళ్ల సాఫ్ట్‌వేర్ చాలావరకు ఓపెన్ సోర్స్ మీద నడుస్తోంది, కంటెయినర్లలో ఉంది, నడిపే మనుషులు సొంతంగా ఉన్నారు. కాబట్టి ధర నచ్చకపోతే లేచి వచ్చే స్వేచ్ఛ ఉంది. ఆ స్వేచ్ఛ ఉన్నవాళ్లే బేరం కూడా ఆడగలరు.

నా వాదనకి గట్టి ఎదురు వాదన ఒకటుంది. ఎప్పుడో దిగాల్సి వస్తుందేమో అని క్లౌడ్‌లో ఉన్న మంచి ఫీచర్లేవీ వాడకపోతే, ఇంక ఎక్కడం ఎందుకు? పెళ్లిరోజే విడాకుల కాగితాలు రాసుకున్నట్టు ఉంటుంది కదా? నిజమే. రెండు క్లౌడ్‌లలో ఒకేసారి నడపమని, ప్రతిదీ ఎక్కడైనా పనిచేసేలా రాయమని నేననట్లేదు. అది చిన్న కంపెనీని ఖర్చుతోనే చంపేస్తుంది. డైనమోడీబీ బాగుంటే వాడండి. కానీ "దీన్నుంచి బయటికి రావాలంటే ఇన్ని నెలలు, ఇంత ఖర్చు, ఈ మనుషులు కావాలి" అని ముందే రాసిపెట్టుకుని వాడండి. తెలిసి కట్టే ధరకీ, తెలియక ఇరుక్కోవడానికీ తేడా ఉంది.

ఇంకొకరు "ఎస్‌ఎల్‌ఏ ఉందిగా" అంటారు. నెలకి 99.9 శాతం అంటే 30 రోజుల నెలలో 43 నిమిషాలు ఆగినా మాట తప్పినట్టు కాదు. అంతకంటే ఎక్కువ ఆగితే సాధారణంగా ఇచ్చేది తర్వాతి బిల్లులో కొంత క్రెడిట్. ఆ 43 నిమిషాలు సాయంత్రం ఆరింటికి వస్తే తెనాలిలో బిల్లు రాదు, బిల్లు లేకుండా మందుల డబ్బా ఆటో ఎక్కదు. క్రెడిట్ ఆ డబ్బాని ఊరికి చేర్చదు.

ఇంతకీ బాబాయికి ఏం చెప్పానంటే, మారమనే చెప్పాను. పెన్‌డ్రైవ్ బతుకు కంటే అది నయం. కానీ నాలుగు షరతులు పెట్టుకోమన్నాను. ఒకటి, ప్రతి రాత్రీ మొత్తం డేటా సీఎస్‌వీ ఫైళ్లుగా మన కంప్యూటర్‌కి రావాలి, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ, ఏ రసీదు ఏ బిల్లుదో అన్నీ కాలమ్స్‌గా. దాని కాపీ ఇంకొకటి ఇంట్లో ఉండాలి. రెండు, చందా ఆగిన తర్వాత కూడా 90 రోజులు చూసుకోవడానికి మాత్రం లాగిన్ ఉండాలి, ఇది ఒప్పందంలో రాతపూర్వకంగా ఉండాలి. మూడు, నెట్ పోయిన సాయంత్రం కోసం చేత్తో రాసే బిల్లుబుక్ ఒకటి, దాన్ని తర్వాత ఎక్కించే పద్ధతి ఒకటి. నాలుగు, మూడు నెలలకోసారి ఆ సీఎస్‌వీ ఫైళ్లు మాత్రమే పెట్టుకుని మూడు జవాబులు రాబట్టాలి. ఈరోజు స్టాక్ ఎంత, ఎవరు ఎంత బాకీ, ఫలానా బ్యాచ్ ఏ షాపులకి వెళ్లింది.

ఒక్కడే అడిగితే వాళ్లు వినలేదు. తెనాలిలో అదే సాఫ్ట్‌వేర్ వాడే ఇంకో నాలుగు ఏజెన్సీల వాళ్లు కలిసి అడిగితే సీఎస్‌వీకి ఒప్పుకున్నారు. 90 రోజుల సంగతి ఇంకా బేరంలోనే ఉంది.

ఇప్పుడు మన విషయం. మనలో చాలామందికి మొదటి ప్రాజెక్ట్ ఏదో ఒక కంపెనీని క్లౌడ్‌కి మార్చడమే అవుతుంది. ఏ దేశంలోనో ఒక ఆసుపత్రి, ఒక బ్యాంకు, ఒక గోడౌన్, వాళ్ల లెక్కలు మన చేతుల మీదుగా ఎక్కుతాయి. ఆ మీటింగ్‌లో అందరికంటే చిన్నవాళ్లం మనమే ఉంటాం, ప్రశ్న అడగడానికి మొహమాటపడతాం. అయినా ఈ ఒక్కటి అడగాలి. దీన్ని వెనక్కి ఎలా తెస్తాం?

అడగాలంటే ముందు చేసి ఉండాలి. మన ల్యాబ్‌లో ఫ్రీ టియర్‌లో డిప్లాయ్ చేసి, లింక్ ఓపెన్ అయితే చాలు, మార్కులు పడతాయి. నా ప్రతిపాదన ఏంటంటే, వచ్చే సెమ్ మినీ ప్రాజెక్ట్‌లో డెమో అయిపోగానే ఆ అకౌంట్‌ని పక్కన పెట్టించి, బ్యాకప్ ఫైళ్లు మాత్రమే చేతికిచ్చి, పక్క టీమ్ ల్యాప్‌టాప్‌లో గంటలో మళ్లీ నడిపించమనాలి. నడిస్తే సగం మార్కులు దానికే ఇవ్వాలి. మా టీమ్ దీనికి రెడీ, మా సర్‌కి కూడా చెప్పాం. ఒప్పుకోనివాళ్లు, ముఖ్యంగా ఆ పెళ్లి, విడాకుల పాయింట్ మీద ఇంకా కోపంగా ఉన్నవాళ్లు, వచ్చే సంచికకి జవాబు రాసి పంపండి. చదవాలని ఉంది.